గడియ

మార్చి నెల. నేలింకా మెత్తబడలేదు.
పెరటి కొట్టం తలుపు లాగితే
ముందు చలి బయటికొచ్చింది,
తర్వాత ఒంటిచక్రపు గడ్డి మిషను,
మూత ఊడిరాని పెయింటు డబ్బాలు తొమ్మిది,
మా అత్తగారి మడత కుర్చీ,
కందిరీగలు ఖాళీ చేసిపోయిన గూడు.
"ఇందులో కోళ్లా? నువ్వే పట్టవు" అంది డోరీన్.

అయిదు రోజులన్నాను. పదహారు పట్టింది.

కప్పు మీది తారు అట్ట పీకేశాను,
దాని మడతల్లో ఎర్ర పేలు కాపురం పెడతాయట.
ముడతల రేకు వేశాను. ఇప్పుడు వాన పడితే
హాలిఫాక్స్ మొత్తానికీ వినిపిస్తుంది.
కిటికీ అద్దం తీసి గట్టి జాలీ బిగించాను.
పల్చటి వల వద్దన్నాడు పక్కింటి ఇర్ఫాన్,
"అది కోడిని ఆపుతుంది గానీ నక్కని ఆపదు."
రెండో షిఫ్టు బస్సు డిపోలో పెట్టొచ్చి
డ్రిల్లు తనే అందుకున్నాడు,
నా చేతి వణుకు చూడనట్టు.

చూరు కింద గాలికి కంతలు.
నేలకి బాత్రూంలో మిగిలిన లినోలియం ముక్క, రెట్ట గీకడానికి సుఖం.
వాలడానికి రెండంగుళాల కర్ర, అంచులు చిత్రిక పట్టి.
గుడ్లకి నా పనిబల్ల సొరుగులు మూడు.
వాటి మీద నా చేతిరాత చీటీలు అలాగే ఉన్నాయి:
మేకులు. మరలు. ఏవేవో.

ఇక తలుపు.
ఇక్కడే రెండు రోజులు పోయాయి.

ముప్పై ఒక్క ఏళ్లు జైలు వార్డరుని.
మూడో అంతస్తు, నలభై నాలుగు గదులు,
రాత్రి తొమ్మిదికి ఒక్కొక్కటే.
రిటైరైన రోజు నుంచి
స్నానాలగదికి కూడా గడియ వెయ్యను.
డోరీన్ వేసుకుంటే
అవతలి గదిలోకి పోయి రేడియో పెంచుతాను.
షాపులో గడియ చేతిలోకి తీసుకోకముందే
దాని బరువు నాకు తెలుసు.
"రెండు కొనండి" అన్నాడు ఇర్ఫాన్,
"ఒకటయితే నక్క నేర్చేసుకుంటుంది."

శనివారం వచ్చాయి, ఆరు.
పంజరాల ఫారంలో పద్దెనిమిది నెలలు గుడ్లు పెట్టి
లెక్కలోంచి కొట్టేసినవి.
మెడల మీద ఈకల్లేవు. తురాయిలు పాలిపోయాయి.
"పేర్లు పెడదాం తాతా" అంది ఐలా.
నంబర్లు మాత్రం వద్దన్నాను,
నంబర్ల మాట తను ఎత్తకపోయినా.

ఆదివారం పొద్దున చిన్న తలుపు పైకి లేపాను.
ఎదురుగా గడ్డి, ఎండ, ఒక వానపాము కూడా.
ఆరూ గడప దాకా వచ్చి ఆగిపోయాయి.
ఐలా పిలిచింది, మొక్కజొన్న చల్లింది, అలిగి లోపలికెళ్లింది.

నేను తొందరపెట్టలేదు.
విడుదల రోజున, బార్లా తెరిచిన గేటు ముందు
ఎవరో తెరుస్తారని నిలబడ్డవాళ్లని చూశాను.
ప్లాస్టిక్ సంచిలో బట్టలు, కట్టుకోని బూటు లేసులు.
గ్రిమ్‌షా అని ఒకడు అడిగాడు, "వెళ్లొచ్చా సార్?"
నేనేమన్నానో గుర్తులేదు.
వాచీ చూసుకున్నాననుకుంటా.

తడిగడ్డిలోనే కూలబడ్డాను. మోకాళ్లు తిట్టాయి.
ఎన్ని గడియలో.
అన్నిటికంటే బోడిది ఒక కాలు బయట పెట్టి
ఆ కాలునే చూసుకుంది చాలాసేపు.

చీకటి పడ్డాక టార్చితో లెక్కపెట్టాను.
అయిదు.
మళ్లీ అయిదు.
నా వెన్నులో పాత సైరను.
తోపుడుబండి కింద దొరికింది బోడిది, నిద్రలో.
ఎత్తుకుంటే అరచేతికి ముళ్లు ముళ్లుగా
కొత్త ఈకల మొలకలు,
మణికట్టు మీద దాని గుండె టకటక.
కర్ర మీద కూర్చోబెడితే
మిగతావి గొణుక్కుంటూ జరిగాయి.

పై గడియ. కింది గడియ.
ఆ చప్పుడుకి భుజాలు వాటంతటవే బిగుసుకున్నాయి.
లోపల్నుంచి ఎవరూ తిట్టలేదు.
కంచె అవతల, చీకట్లో,
నక్క పొడిగా దగ్గి వెళ్లిపోయింది.

పొద్దున 'ఏవేవో' సొరుగులో గుడ్డు.
పెంకు మెత్తగా, సొట్టపోయి, ఎక్కడా అమ్మడుపోనిది.
డోరీన్ దాన్ని దోసిట్లో తిప్పి చూసి
ఏమీ అనకుండా స్నానానికెళ్లింది.
గడియ పడింది.
నేను రేడియో ముట్టుకోలేదు.